గుడ్డతో కట్టిన ఆకాశము

ఈనాడు పాఠము చెప్పు ఉపాధ్యాయుని చేతిలో సుద్దముక్కతో పాటు సెల్‌ఫోను కూడ ఉన్నది. వసారాలో గాని, పడకగదిలో గాని కూర్చుండి పాఠమును చిత్రించి విద్యార్థులకు పంపుట 2020 తరువాత ఎందరికో అలవాటైనది. మొదటి చిత్రము చూచుకొనగానే వారికి కలుగు నిరాశ ఒక్కటే. కండ్లక్రింద నల్లని గుంటలు, ముక్కు ప్రక్కన కత్తితో కోసినట్టి నీడ, వెనుక గోడమీద మరియొక మనిషి నిలుచున్నట్లు పెద్ద ఛాయ. వెలుగు చాలలేదని తలచి ఇంకను పెద్ద దీపమును కొని తెత్తురు. దీపము పెరిగిన కొలది నీడయు నల్లబడును.

ఈ చిక్కు కొత్తది కాదు. చలనచిత్రము పుట్టిన నాటినుండి అది ఉన్నది. దానిని తీర్చినవారిలో ముఖ్యుడు ఒక భారతీయుడు. 1956లో ఆ పని చేసిననాటికి ఆయన ఇరువదియైదేండ్ల యువకుడు. ఆయన వాడిన సాధనము ఒక తెల్లని గుడ్డ.

గుడ్డ చేసిన పని తెలియవలెనన్న, నీడను గూర్చి తరగతిలో చెప్పు పాఠమును ఒకమారు గుర్తుకు తెచ్చుకొనవలెను. దీపము ఎంత వెలుగునిచ్చును అనునది ఒక ప్రశ్న. ఆ వెలుగు ఎంత వెడల్పు స్థలమునుండి వచ్చుచున్నది అనునది మరియొక ప్రశ్న. నీడ అంచు పదును ఈ రెండవదానిపైననే ఆధారపడును. గ్రహణముల పాఠములో చెప్పు ప్రచ్ఛాయ, ఉపచ్ఛాయలు మనిషి ముఖముమీద కూడ పడును. 6 సెంటీమీటర్ల బల్బును 2 మీటర్ల దూరమున ఉంచినారనుకొందము. ముక్కుకొనకు, దాని నీడ పడు చెంపకు నడుమ 3 సెంటీమీటర్లున్నచో, నీడ అంచున వెలుగు చీకటిగా మారు పట్టీ, అనగా ఉపచ్ఛాయ, వెడల్పు 1 మిల్లీమీటరు కంటె తక్కువ. కన్ను దానిని గీతగానే చూచును. ఇప్పుడు బల్బునకు బదులు మీటరున్నర వెడల్పుగల తెల్లని దుప్పటిని మీటరున్నర దూరమున కట్టి, దానినుండి వెలుగు వచ్చునట్లు చేసినచో ఆ పట్టీ 3 సెంటీమీటర్ల వెడల్పగును. ముక్కు నీడ మొత్తము అంత ఉండదు. కనుక నీడకు అంచే మిగులదు. చెంపమీద మెల్లగా కరిగిపోవును.

సూర్యుడు అంత పెద్దవాడు కదా, ఎండలోని నీడ ఏల అంత పదునుగా ఉండును అని విద్యార్థి అడుగవచ్చును. సూర్యుడు పెద్దవాడే, కాని పదునైదు కోట్ల కిలోమీటర్ల దూరమున ఉన్నాడు. మన కంటికి అరడిగ్రీ వెడల్పు మాత్రమే. బల్బు కంటెను అది చిన్న దీపము. మబ్బు పట్టిన దినమున సూర్యుడు దీపము కాడు. మబ్బంతయు, అనగా ఆకాశమంతయు, దీపమగును. ఆనాడు వీధిలో ఎవరికిని నీడ ఉండదు.

తొలినాటి చలనచిత్రకారులు సూర్యునినే నమ్ముకొనిరి. ఏలననగా ఆనాటి ఫిల్మునకు చాలినంత వెలుగు ఇవ్వగల దీపములు అరుదు, ఖరీదు. 1893లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున, వెస్ట్ ఆరెంజ్‌లో ఎడిసన్ ప్రయోగశాలవారు చిత్రములు తీయుటకు ఒక కొట్టమును కట్టిరి. దానికి నల్లని తారు కాగితము తొడిగిరి. కప్పులో ఒక భాగము పెట్టెమూతవలె తెరచుకొనును. కొట్టమంతయు వర్తులాకారపు పట్టామీద తిరుగును. సూర్యుడు కదిలిన కొలది మనుష్యులు కొట్టమును త్రిప్పుచు ఎండను లోపలికి పట్టెడివారు. దీని కంతటికి అయిన ఖర్చు 638 డాలర్ల లోపే. పోలీసుల ఖైదీ బండిని పోలియున్నదని ‘బ్లాక్ మారియా’ అని దానికి పేరు. అందులో తీసిన చిత్రములలో ఎండ ముఖముమీద సూటిగా పడును. నటుల వెనుక కారుచీకటి. నాలుగేండ్లకు, 1897లో, ఫ్రాన్సులో మెలియే అను గారడీవాడు మాంత్రోయ్ అనుచోట గాజు గోడలు, గాజు కప్పుతో స్టూడియో నిర్మించెను. ఎండ సూటిగా పడుటను సహింపలేక, పలుచని బట్ట బిగించిన చట్రములను కప్పుక్రింద అమర్చుకొనెను. మెలియే చేసినది క్రొత్త పనియనుటకు వీలులేదు. ఫోటోగ్రాఫర్లు అప్పటికే తమ గాజు గదులలో తెరలు కట్టుచుండిరి. కాని సినిమా వెలుగునకు గుడ్డతో గల చుట్టరికము అట్లు మొదటినుండియు ఉన్నది.

మన దేశములో ఆ చుట్టరికము ఒక ఇంటిలో ఆరంభమైనది. దాదాసాహెబ్ ఫాల్కే 1912లో లండన్‌నుండి కెమేరా తెచ్చి, మొదట ఒక కుండలో బఠాణీ గింజ నాటి, అది మొలకెత్తి తీగ సాగు వరకు రోజుల తరబడి కొద్దికొద్దిగా చిత్రించెను. ఇది ఇంట తీసిన విజ్ఞాన చిత్రము. నేటి ఉపాధ్యాయుడు సెల్‌ఫోనుతో చేయునది ఇట్టిదే. దానిని చూపి డబ్బు సమకూర్చుకొని, బొంబాయి దాదర్‌లోని తన బంగళాలో ‘రాజా హరిశ్చంద్ర’ తీయ మొదలిడెను. ఆ చిత్రము 1913 మే 3వ తేదీన ప్రజలకు చూపబడినది. అతని భార్య సరస్వతీబాయి వచ్చినవారందరికి వంట చేసెడిది. ఫిల్మునకు రంధ్రములు వేసెడిది, దానిని కడిగెడిది. పగటివేళ ఎండలో గంటలకొలది తెల్లని దుప్పటి పట్టుకొని నిలువబడి నటుల ముఖములమీదికి వెలుగు మరలించెడిది. చరిత్ర గ్రంథములు ఫాల్కేను భారత చలనచిత్ర పితామహుడని పొగడుచు, దుప్పటి పట్టుకొన్న ఆమెను ఒక పంక్తితో సరిపుచ్చును. మన దేశములో తొలి దీపకారిణి ఆమెయే అనవచ్చును.

తరువాత దీపములు వచ్చినవి. మొదట వచ్చిన పాదరసపు ఆవిరి దీపములు పొడవైన గాజు గొట్టములు. వాని వెలుగు నీలము, ఆకుపచ్చల కలయిక. మనిషి పెదవులు అందులో నల్లగా కనబడును. ఆనాటి ఫిల్ము ఎట్లును ఎరుపును గుర్తింపలేదు గనుక అది ఎవరికిని అడ్డు కాలేదు. పిదప కర్బనపు ఆర్కు దీపములు. కండ్లు మండించు వెలుగు, పొగ, చిటపటలు. వాని నీలలోహితాతీత కిరణములకు నటుల కండ్లు వాచి నీరు కారెడివి. 1927లో మాటలు వచ్చిన తరువాత ఆర్కుల రొద పెద్ద ఇబ్బంది అయ్యెను. ఎరుపును గూడ గ్రహించు ఫిల్ము అదే కాలమున వాడుకలోనికి వచ్చుటచే టంగ్‌స్టన్ బల్బులు స్టూడియోలను ఆక్రమించినవి.

ఈ బల్బులను కటకము గల డబ్బాలలో బిగించి, వెలుగును ఒకచోట పడునట్లు చేయుట స్టూడియో పద్ధతి. ముఖమునకు ఒక దీపము, దాని నీడను తగ్గించుటకు వేరొకటి, జుట్టు మెరయుటకు వెనుకనుండి మూడవది. గోడకు, తలుపునకు, కుండీకి వేరువేరు దీపములు. ప్రతి దీపమునకు ఒక నీడ. ఆ నీడను పోగొట్టుటకు ఇంకొక దీపము. అప్పు తీర్చుటకు అప్పు చేసినట్లుండును ఈ వరస. ప్రేక్షకులు అట్టి వెలుగునకు అలవాటుపడిరి. రాత్రి గుడిసెలో ఒక్క నూనెదీపము వెలుగుచుండగా గోడమీద నాలుగు నీడలు కనబడినను ఎవరును అడిగెడివారు కారు.

స్టూడియో లేనివారి గతి యేమి? 1923లో 16 మిల్లీమీటర్ల ఫిల్మును, 1932లో 8 మిల్లీమీటర్ల ఫిల్మును ఈస్ట్‌మన్ కోడక్ కంపెనీ విడుదల చేసినది. పాశ్చాత్య దేశములలో కొంత కలిగినవారు ఇంట పిల్లల ఆటలను చిత్రించుకొన సాగిరి. ఇంటిలోపల తీయుటకు వారికి దొరికిన చవుక ఉపాయము ఫోటోఫ్లడ్ బల్బు. ఇది మామూలు బల్బు వంటిదే. కాని దాని తీగను ఉండవలసిన దానికంటె ఎక్కువ వేడితో వెలుగునట్లు తయారుచేసిరి. టంగ్‌స్టన్ బల్బునకు వోల్టేజిని నూటికి పది పాళ్ళు పెంచినచో వెలుగు సుమారు మూడవ వంతు పెరుగును. ఆయువు మూడవ వంతునకు పడిపోవును. ఫోటోఫ్లడ్ బల్బు కొన్ని గంటలు మాత్రమే బ్రతికెడిది. పుట్టినరోజు పండుగ ఒకటి రెండు చిత్రించుటకు చాలును. దీనివలన వెలుగు పెరిగినది గాని నీడ తీరు మారలేదు. తల్లిదండ్రులు కెమేరా ప్రక్కననే బల్బు పట్టుకొనెడివారు. పిల్లలు కండ్లు చిట్లించెడివారు.

ఇట్టి పరిస్థితిలో కలకత్తాలో సుబ్రత మిత్ర కనబడును. 1930లో పుట్టిన ఈయన కళాశాలలో చదువుచున్న దినములలో, ఫ్రెంచి దర్శకుడు జాఁ రెన్వార్ ‘ది రివర్’ అను చిత్రము తీయుటకు బెంగాలు వచ్చెను. మిత్రకు అందులో పని దొరకలేదు. చూచుటకు మాత్రము అనుమతి దొరకినది. ప్రతిదినము పోయి, దీపములు ఎచ్చట పెట్టిరి, నటుడు ఎచ్చటనుండి ఎచ్చటికి నడచెను అనునది బొమ్మలు గీసికొని వ్రాసికొనెడివాడు. ఛాయాగ్రాహకుడు క్లోద్ రెన్వార్ ఒకనాడు ఒక దృశ్యమును మరల తీయవలసి వచ్చి, మునుపటి వెలుగు ఎట్లుండినదో తెలిసికొనుటకు ఈ కుర్రవాని పుస్తకమునే అడిగి చూచెను. ఆ షూటింగుల వద్దనే మిత్రకు సత్యజిత్ రాయ్‌తో స్నేహమైనది. 1952లో రాయ్ ‘పథేర్ పాంచాలీ’ ప్రారంభించి కెమేరా ఆయన చేతిలో పెట్టెను. అంతకు మునుపు మిత్ర సినిమా కెమేరా పట్టినవాడు కాడు. (సితార్ మాత్రము వాయించును. రవిశంకర్ సంగీతము కూర్చిన ఆ చిత్రములో ఒకచోట వినబడు సితార్ మిత్ర వాయించినదే.) డబ్బు లేక మాటిమాటికి ఆగిపోయిన ఆ చిత్రము పశ్చిమ బెంగాల్ ప్రభుత్వపు ధనసహాయముతో పూర్తియై 1955లో విడుదలైనది.

రెండవ చిత్రము ‘అపరాజితో’ కథ కాశీలో ఆరంభమగును. గంగ గట్లమీది దృశ్యములను కాశీలోనే తీసిరి. హరిహరుని కుటుంబము కాపురమున్న పాత ఇంటికి నడుమ ముంగిలి, చుట్టును గదులు. మన మండువా ఇండ్లను ఎరిగినవారికి అట్టి ఇంటి వెలుగు తెలియును. ఎండ నేలకు దిగదు. పైన కనబడు ఆకాశపు ముక్కనుండి మెత్తని వెలుగు దిగి గోడలకు తగిలి, గదుల గుమ్మముల వరకు వచ్చి, అచట నెమ్మదిగా చల్లారును. ఆ ముంగిలిని బయలులోనే కట్టవలెనని మొదటి ఆలోచన. వానకాలము అడ్డు వచ్చినది. కళాదర్శకుడు బన్సీ చంద్రగుప్త దానిని కలకత్తా స్టూడియోలో, కప్పుక్రింద, కట్ట నిశ్చయించెను.

మిత్ర ఒప్పుకొనలేదు. నీడలేని ఆకాశపు వెలుగును స్టూడియో దీపములతో సృష్టించుట అసాధ్యమని రాయ్‌తోను, చంద్రగుప్తతోను వాదించెను. ఆయన భయమునకు కారణము కలదు. ప్రేక్షకుడు ఒక నిమిషము నిజమైన గంగ గట్టును చూచును. మరునిమిషము ఈ ముంగిలిలోనికి వచ్చును. అచట తులసికోటకు, తల్లికి, స్తంభమునకు మూడేసి నీడలున్నచో, ఇది అట్టముక్కల ఇల్లని చిన్నపిల్లవానికైనను తెలిసిపోవును. కథలో ఆ ఇంటిలోనే తండ్రి మరణించును. వెలుగు అబద్ధమైనచో ఆ మరణమును ఎవరు నమ్ముదురు?

వాదములో మిత్ర ఓడిపోయెను. ముంగిలి స్టూడియోలోనే లేచినది. అప్పుడాయన చేసినది ఇది: చట్రమునకు బిగించిన తెల్లని గుడ్డను ముంగిలికి పైన, ఆకాశపు ముక్క ఉండవలసిన చోట కట్టించెను. దీపములను దానిక్రింద పెట్టి, నటులవైపు గాక గుడ్డవైపు త్రిప్పించెను. దీపముల వెలుగు పైకి పోయి, గుడ్డకు తగిలి, అన్నివైపులకు చెదరి క్రిందికి దిగినది. నటులకు వెలుగునిచ్చినది దీపము కాదు, గుడ్డ. మండువాలో ఆకాశము చేయు పని స్టూడియోలో గుడ్డ చేసినది. చిత్రము 1956లో విడుదలై, 1957లో వెనీసు ఉత్సవమున స్వర్ణసింహము గెలుచుకొన్నది. ఆ ముంగిలి కలకత్తాలోనిదని తెలియనివారికి నేటికిని సందేహము రాదు.

అద్దము వెలుగును ఒకే దిక్కునకు మరలించును. అద్దములో దీపము ప్రతిబింబమే కనబడును గనుక అది మరియొక చిన్న దీపము. గుడ్డ అట్లు కాదు. దాని పోగులు గరుకు. ప్రతి బిందువు వెలుగును అన్ని దిక్కులకు వెదజల్లును. అందువలన గుడ్డ వెడల్పంతయు దీపపు వెడల్పగును. మంచి తెల్లని గుడ్డ తనపై పడిన వెలుగులో చాలభాగము తిరిగి ఇచ్చును. కాని అది నలుదెసలకు చెదరుటచే నటుని ముఖమునకు చేరునది, దీపమును సూటిగా వేసినదానికంటె అనేక రెట్లు తక్కువ.

ఈ చివరి మాటను మరువరాదు. మిత్ర పద్ధతిని కొందరు చవుక పద్ధతియని వర్ణించుట సగము నిజము. గుడ్డ చవుక, వెలుగు మాత్రము వృథా అగును. ఆనాటి మందకొడి ఫిల్మునకు ఇట్లు చెదరిన వెలుగు చాలవలెనన్న దీపములు చాల కావలెను. స్టూడియోలు ఈ పద్ధతిని వెంటనే స్వీకరింపకపోవుటకు అలవాటు ఒక్కటే కారణము కాదు. ఫిల్ము చురుకుదనము పెరిగిన కొలది, గుడ్డకు విలువ పెరిగినది. 1959లో ఫ్రాన్సులో ఛాయాగ్రాహకుడు రౌల్ కుతార్ ‘బ్రెత్‌లెస్’ అని పేరుగాంచిన చిత్రమునకై, సినిమాకు గాక ఫోటోలకై తయారైన ఇల్ఫోర్డ్ కంపెనీ చురుకు ఫిల్మును ముక్కలు అతికించి వాడెను. ఆ కాలపు చిత్రములలో ఆయన అసలైన గదులలో పనిచేయుచు, దీపములను ఇంటికప్పువైపు త్రిప్పి, కప్పునే దీపముగా చేసికొనెను. స్వీడన్‌లో స్వెన్ న్యూక్విస్త్ కూడ అట్టి మెత్తని వెలుగునకు ప్రసిద్ధుడు. ఒకే అవసరము వేరువేరు దేశములలో ఒకే ఉపాయమునకు దారితీయుట విజ్ఞానచరిత్రలో వింత కాదు. కాని కుతార్, న్యూక్విస్త్‌ల పేర్లు చెప్పి మిత్ర పేరు మరచు గ్రంథములు పడమట చాల ఉన్నవి.

మిత్ర 1997 నుండి కలకత్తాలో సత్యజిత్ రాయ్ పేరనున్న చలనచిత్ర విద్యాసంస్థలో బోధించి, 2001లో మరణించెను.

నేటి సెల్‌ఫోనులోని చిన్న కాంతిగ్రాహక ఫలకము ఆనాటి ఫిల్ము కంటె ఎంతో చురుకైనది. అందువలన గుడ్డలో వృథా అగు వెలుగును గూర్చి ఇంట చిత్రించువారు బెంగ పెట్టుకొనవలసిన పనిలేదు. 1956లో ఒక స్టూడియో చేయగలిగినది ఇప్పుడు రెండు బల్బులతో జరుగును. అయితే దీపములే మారినవి. వానితో కొత్త చిక్కులు వచ్చినవి.

మొదటిది రంగు. ప్రకాశవంతమైన నీలపు ఎల్‌ఇడిని 1993లో జపానులో నకమురా సాధించెను. అందులకు ఆయనకును, అకసాకి, అమానోలకును 2014లో భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానము వచ్చినది. తెల్లని ఎల్‌ఇడి దీపములు చాల వరకు నీలపు ఎల్‌ఇడిపై పసుపు వెలుగునిచ్చు పొడి పూసినవే. చవుకరకములలో ముదురు ఎరుపు కొరవడును. మన చర్మపు ఛాయలో ఎరుపు పాలు ఎక్కువ గనుక ముఖము పాలిపోయి, జబ్బుపడినట్లు కనబడును. దీపపు పెట్టెమీద సి.ఆర్.ఐ. అను అంకె అచ్చువేసియున్నచో అది 90కి తక్కువ కాకుండ చూచుకొనుట మేలు. మధ్యాహ్నపు కిటికీ వెలుగును, పసుపుపచ్చని బల్బు వెలుగును ఒకే ముఖముపై కలుపుట మరియొక పొరపాటు. ఒక చెంప నీలముగా, ఒక చెంప నారింజగా వచ్చును.

రెండవది మినుకు. మన విద్యుత్తు సెకండుకు 50 ఆవృత్తములు తిరుగును. దానివలన చవుక దీపము సెకండుకు 100 మార్లు హెచ్చి తగ్గును. కంటికి తెలియదు, కెమేరాకు తెలియును. చిత్రములో నల్లని చారలు ప్రాకును. షట్టరు కాలమును సెకండులో 50వ వంతుగా గాని 100వ వంతుగా గాని పెట్టినచో చారలు పోవును. దీపమును కొనుటకు ముందే అంగడిలో దానిక్రింద పెన్సిలును విసనకర్రవలె వేగముగా ఆడించి చూడవచ్చును. పెన్సిలు పలుచని పొగవలె కనబడినచో మంచిది. విడివిడి పెన్సిళ్ళు వరుసగా కనబడినచో ఆ దీపము మినుకుచున్నది.

పగలు చిత్రించువారికి కిటికీ ఉన్నది. చిత్రకారులు ఉత్తరపు కిటికీని కోరుదురని పాశ్చాత్య గ్రంథములు చెప్పును. వారి దేశములలో సూర్యుడు మధ్యాహ్నవేళ ఎన్నడును ఉత్తరమునకు పోడు. మనకు అట్లు కాదు. విజయవాడ అక్షాంశము సుమారు 16½ డిగ్రీలు. మే మొదటి వారము మొదలు ఆగస్టు మొదటి వారము వరకు నడిమధ్యాహ్నపు సూర్యుడు అచట నడినెత్తికి ఉత్తరముగా ఉండును. ఉదయ సాయంకాలముల ఏటవాలు ఎండ మార్చి చివరనుండి సెప్టెంబరు వరకు ఉత్తరపు కిటికీలోనికి తొంగిచూచును. ఆ దినములలో కిటికీకి పలుచని తెల్ల పంచె అడ్డముగా కట్టినచో ఎండ పంచెమీదనే ఆగి, పంచె దీపమగును. ఉపాధ్యాయుడు దానికి మీటరు దూరమున, ఒక ప్రక్కగా తిరిగి కూర్చుండవలెను. మూడు మీటర్లకు జరిగినచో పంచె చిన్న దీపమై నీడ మరల గట్టిపడును.

రెండవ చెంపమీదికి వెలుగు మరలించుటకు మన చిత్రీకరణలలో వాడునది థర్మోకోల్ పలక. టెలివిజన్ పెట్టెలో సామాను పగులకుండ పెట్టు తెల్లని వస్తువే అది. తేలిక, గరుకు, తెలుపు. గుడ్డవలె గాలికి ఊగదు. సరస్వతీబాయి పట్టుకొన్న దుప్పటి పని చేయుటకు ఒక విద్యార్థి దానిని పట్టుకొని నిలిచినను చాలును. ఆకుపచ్చ రంగు వేసిన గదిలో మాత్రము గోడను గాని కప్పును గాని నమ్మి దీపము త్రిప్పరాదు. గోడ తన రంగును కూడ వెలుగుతో పంపును. ముందుగా దానిమీద దుప్పటి కట్టుకొనవలెను.